తలలో చీము, నోట్లో కూత

నా తల ఎడమవైపు, నుదుటి పైనుంచి చెవి ముందుదాకా వంకీ తిరిగిన కుట్ల మచ్చ ఉంది. జుట్టు పెరిగి చాలావరకు కప్పేసింది కానీ, గ్రౌండులో ఎండకు నిలబడేటప్పుడు బిగించి ముడి వేసుకుంటే బాగానే కనిపిస్తుంది. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం దాని వంక దొంగచూపులు చూస్తారు. రెండో వారం ఎవరో ఒక గడుగ్గాయి ధైర్యం చేసి అడిగేస్తుంది. "మెదడు చుట్టూ చీము పట్టిందమ్మా. డాక్టర్లు పుర్రె తెరిచి కడిగేశారు" అని చెబుతాను. కళ్ళు ఇంతింత చేసుకుని వింటారు. "ముట్టుకోవచ్చా మేడం?" అంటే వంగి తల చూపిస్తాను. స్కూలు బీరువాలో మా జట్టు గెలిచిన కప్పులు చాలానే ఉన్నాయి. వాటికంటే ఈ మచ్చంటేనే నాకు గర్వం.

నా పేరు ఎస్తేరు రాణి. చల్లపల్లి పక్కన ఒక హైస్కూల్లో పీఈటీని. అమ్మాయిల కబడ్డీ జట్టును తయారుచెయ్యడం నా పని, నా పిచ్చి కూడా. మా ఆయన నాగరాజుది నాగాయలంక దగ్గర సముద్రాన్ని నమ్ముకుని బతికే కుటుంబం. ఐసు పెట్టెల్లో చేపలు, రొయ్యలు వేసుకుని వ్యానులో విజయవాడ మార్కెట్టుకు తోలతాడు. మాకొక కూతురు, స్నేహ. నేను పడిపోయేనాటికి దానికి ఆరేళ్ళు.

నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఈ జబ్బు వచ్చి బయటపడ్డ మనిషి ఎవరైనా ఉన్నారేమోనని మా ఆయన ఫోన్లో తెగ వెతికాడట. ఇంగ్లీషులో భయపెట్టే మాటలు దొరికాయి గానీ, "నాకూ వచ్చింది, ఇదిగో ఇలా ఉన్నాను" అని తెలుగులో చెప్పినవాళ్ళు ఒక్కరూ దొరకలేదట. రేపు అలా వెతికే ఇంకెవరికోసమో ఇది రాస్తున్నాను. మధ్యలో కొన్ని రోజులు నేను చూడనివి. అవి మావాళ్ళు చెప్పగా విన్నవి.

అక్టోబరు

దసరా సెలవులకు అత్తగారింటికి వెళ్ళి వచ్చేటప్పుడే జలుబు పట్టుకుంది. జలుబును నేనెప్పుడూ జబ్బుగా లెక్కపెట్టలేదు. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టే అలవాటు లేదు. పైగా జోనల్ పోటీలు దగ్గర పడుతున్నాయి. ఆ ఏడాది మా జట్టు కెప్టెన్ భవాని తొమ్మిదో తరగతి. మెరుపులా కూతకు వెళ్ళేది. ఈసారి కప్పు మనదేనని నాకు గట్టి నమ్మకం.

జలుబు తగ్గింది, తలనొప్పి మిగిలింది. కోర్టు గీతలకు సున్నం పోద్దామని వంగితే ఎడమ కనుబొమ పైన ఎవరో లోపలినుంచి గుద్దినట్టుండేది. మందుల షాపులో మాత్రలు తెచ్చుకున్నాను. వేసుకుంటే కాసేపు ఊరుకునేది, మళ్ళీ మొదలు. ఒకరోజు పొద్దున అద్దంలో చూసుకుంటే ఎడమ కనురెప్ప ఉబ్బి ఉంది.

"ఏదో కుట్టి ఉంటుంది. ఆవిరి పట్టు" అన్నాడు మా ఆయన.

ఆవిరి పట్టాను. ఆ సాయంత్రం చలిజ్వరం వచ్చింది. మర్నాడు తిన్నది తిన్నట్టు వాంతి అయింది. రెండు రోజులు పడుకుని, కాస్త నిలబడగలననిపించగానే స్కూలుకు వెళ్ళాను. పిల్లలు గ్రౌండులో ఎదురుచూస్తుంటారు కదా!

ఆ రోజు ప్రాక్టీసులో భవానిని పిలవబోయి "బకెట్" అన్నాను. పిల్లలు నవ్వారు. నేను సరదాకి అన్నాననుకున్నారు. మళ్ళీ పిలిచాను. మళ్ళీ "బకెట్" అనే వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. విజిల్ ఊదుదామని కుడిచెయ్యి ఎత్తబోతే వేళ్ళు పట్టు వదిలేశాయి, విజిల్ కిందపడింది. దాన్ని తీసుకుందామని వంగడం వరకే నాకు గుర్తుంది.

తర్వాతది పిల్లలు చెప్పారు. నాకు ఫిట్స్ వచ్చాయి. స్టాఫ్ రూములోంచి పెద్దవాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి భవాని నన్ను ఒక పక్కకు తిప్పి, తల కింద చున్నీ మడిచి పెట్టిందట. ఇద్దరు పిల్లలు చుట్టూ రాళ్ళు ఏరేస్తున్నారట. ఎవరో తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టబోతే భవాని అడ్డం పడింది.

"వద్దు సార్. చేతిలో ఏమీ పెట్టకూడదు, నోట్లో ఏమీ పొయ్యకూడదు. మా మేడమే చెప్పారు."

ఎనిమిదో తరగతిలో నేను చెప్పిన ప్రథమ చికిత్స పాఠం అది. శుక్రవారం చివరి పీరియడు, సగంమంది ఆవలిస్తూ విన్నారు. అయినా వినాల్సినవాళ్ళు విన్నారు. టీచరుగా నాకు ఇంతకంటే పెద్ద మెప్పు ఇంకెవరూ ఇవ్వలేరు.

చల్లపల్లిలో డాక్టరు గారు ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షను చేసి, "ఇక్కడ ఆగొద్దు, విజయవాడ వెళ్ళిపోండి" అన్నారట. అంబులెన్సులో మా అమ్మ సుశీల ఎక్కింది. అమ్మ చర్చి బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పి రిటైరైంది. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు. దారి పొడుగునా నా అరచెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉందట.

మా ఆయన అప్పటికే విజయవాడలో ఉన్నాడు, సరుకు దించుతూ. కబురు అందగానే ఉన్నపళంగా వ్యాను వేసుకుని బెంజ్ సర్కిల్ దాటి ఆసుపత్రికి వచ్చేశాడు. ఒంటినిండా చేపల నీళ్ళు. వెయిటింగ్ హాల్లో కూర్చుంటే పక్కనున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి అవతలి కుర్చీల్లోకి వెళ్ళారట. అది చూసి తనే లేచి గోడవారన నిలబడ్డాడు. కాసేపటికి మంగళగిరి నుంచి వచ్చిన ఒకావిడ దగ్గరికొచ్చి, సంచిలోంచి కొత్త చేనేత తువ్వాలు, లుంగీ తీసి ఇచ్చింది. వాళ్ళాయన కూడా లోపల ఐసీయూలోనే ఉన్నాడు.

"మా మగ్గం మీదివే అన్నయ్యా. స్నానం చేసి కట్టుకో. ఇక్కడ చాలాసేపు ఉండాల్సొస్తది" అన్నదట.

స్కాన్ చూసి న్యూరోసర్జన్ మేడం బయటికొచ్చారు. నడివయసు మనిషి. నిలబడి హడావుడిగా చెప్పి వెళ్ళిపోకుండా, మా ఆయన పక్కన కుర్చీలో కూర్చుని చెప్పారట.

"నుదుటి ఎముకలో సైనస్ ఉంటుందండీ, గాలి గదిలాంటిది. అక్కడ సూక్ష్మజీవులు చేరి చీము పట్టింది. ఆ చీము ఎముక దాటి లోపలికి పాకింది. ఇప్పుడు మెదడు మీద పొరల మధ్య పరుచుకుని ఉంది. మెదడును నొక్కేస్తోంది. అందుకే మాట తడబడింది, చెయ్యి పట్టు తప్పింది, ఫిట్స్ వచ్చాయి."

"జలుబేనండీ ఆవిడకి" అన్నాడట మా ఆయన. "ఉత్త జలుబండీ."

"జలుబుతోనే మొదలైందండీ. ఇలా అవడం చాలా చాలా అరుదు. మీరు ఊహించగలిగేది కాదు. కానీ ఇంక ఆగడానికి లేదు, ఈ మధ్యాహ్నమే తెరవాలి."

"బతుకుద్దాండీ?"

"బతికించడానికే తెరుస్తున్నాం. మాట, చెయ్యి ఎంతవరకు వస్తాయనేది మాత్రం ఇప్పుడే చెప్పలేను" అన్నారట.

నన్ను లోపలికి తీసుకెళ్ళేముందు ఇంకో గొడవ జరిగింది. నాగాయలంక నుంచి బస్సులో మా అత్త నాంచారమ్మ దిగింది. మా పెళ్ళి మతాలు వేరైన పెళ్ళి. అప్పటినుంచి మా అమ్మా, మా అత్తా ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్ళు. అత్త వస్తూనే కొంగున కట్టుకొచ్చిన పసుపు తాడు నా చేతికి కట్టబోయింది.

"మా అమ్మాయికి అలాంటివి కట్టకండి" అన్నది అమ్మ. గొంతు చిన్నదే గానీ హాలంతా వినబడిందట.

"నీకు కూతురైతే నాకు కోడలు కాదా? నా కొడుకు ముఖం చూడు ఎట్టా ఉందో!"

"మీ కొడుకే కదండీ, జలుబే కదా అని కూర్చోబెట్టింది!"

ఆ మాటకు మా ఆయన గోడకు ఆనుకుని అట్టాగే కిందకు జారిపోయి కూర్చున్నాడట. అది చూసి ఇద్దరూ నోరు మూసుకున్నారు. లోపలికి ఏ తాడూ తీసుకెళ్ళనివ్వమని నర్సు చెప్పడంతో ఆ గొడవ అంతటితో తీరింది. అత్త తాడును తన చేతికే కట్టుకుంది. అమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుంది. సాయంత్రం దాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచుకుని కూర్చున్నారు.

నవంబరు

మెలకువ వచ్చాక నాకు మొదట గుర్తున్నది దాహం. నీళ్ళు కావాలి. గ్లాసు కనిపిస్తోంది, అందులో నీళ్ళున్నాయని తెలుసు, వాటిని ఏమంటారో తెలియడం లేదు. నోరు తెరిచి "గోడ" అన్నాను. అది తప్పని నాకే వినిపించింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ గోడే.

మాట పోవడం అంటే మూగతనం అనుకుంటారు. నాకు అలా లేదు. లోపల నేను నేనుగానే ఉన్నాను. ఎవరేమంటున్నారో చాలావరకు తెలుస్తోంది. చెప్పాల్సింది కూడా తెలుసు. కానీ మాట కోసం చెయ్యి పెడితే వేరే వస్తువు చేతికొస్తోంది. చీకట్లో అలమర తడుముకున్నట్టు. కుడిచెయ్యి మంచం మీద ఎవరిదో చెయ్యిలా పడి ఉంది. తల మీద కట్టు, కింద జుట్టు లేదు.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక స్నేహను తీసుకొచ్చారు. వచ్చేముందు మా ఆయన దానికి చాలా చెప్పి ఉంటాడు. ఏడవకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి మంచం పక్కన నిలబడింది. నా ఎడమచెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నా పేరు చెప్పు" అన్నది.

నేను దాని మొహం వంక చూశాను. ఈ భూమ్మీద నేను అన్నిటికంటే ఎక్కువసార్లు పిలిచిన పేరు. నోరు తెరిచాను. రాలేదు. పెదాలు అటూ ఇటూ కదిలాయి, ఏదో శబ్దం వచ్చింది, అది పేరు కాదు. పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆయన దాన్ని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు దాన్ని తీసుకురాలేదు. అదెందుకో నాకు అర్థమైంది. అయినా కోపం వచ్చింది, ఆ కోపం చెప్పడానికి కూడా నా దగ్గర మాట లేదు.

ఆ రోజుల్లోనే, అప్పుడప్పుడూ నన్ను చూసిపోయే మంగళగిరి ఆవిడ వాళ్ళాయన చనిపోయాడు. మా వాళ్ళు నాకు చెప్పలేదు. వెళ్ళిపోయేముందు ఆవిడ మా వార్డులోకి వచ్చి, నా పాదం మీద చెయ్యి వేసి ఒక నిమిషం నిలబడి వెళ్ళింది. ఆవిడ మొహం చూడగానే నాకు తెలిసిపోయింది.

అప్పుడే నాకు మళ్ళీ జ్వరం మొదలైంది. తగ్గినట్టే తగ్గి, సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయేది. స్కాన్ తీశారు. చీము ఇంకోచోట కొద్దిగా చేరింది. మళ్ళీ తెరవాలి.

మేడం ఆ మాట చెప్పడానికి నా మంచం దగ్గరికే వచ్చారు. మా ఆయన ఆవిణ్ణి పక్కకు పిలిచి, "నాతో చెప్పండి మేడం. ఆవిడకేం తెలుస్తది ఇప్పుడు, భయపడుద్ది" అన్నాడు.

"ఆవిడ తలండీ ఇది. ఆవిడకు వినబడుతోంది. ఆవిణ్ణే అడుగుతాను."

కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. చిన్న చిన్న మాటలతో, ఆగి ఆగి చెప్పారు. మందు ఒక్కటే సరిపోదు. చీమును బయటికి తీస్తేనే మందు పనిచేస్తుంది. ప్రమాదం ఉంది. తియ్యకపోతే ఇంకా ఎక్కువ ప్రమాదం. "అర్థమైందా రాణి గారూ? చేద్దామా?"

మొదటిసారి నాకు తెలియకుండానే నా తల తెరిచారు. ఈసారి అడుగుతున్నారు. భయం వేసింది. నిజం చెప్పాలంటే మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాను. మేడం లేవలేదు, గడియారం చూసుకోలేదు. ఏడుపు ఆగాక ఎడమచెయ్యి ఎత్తి, వేలు పైకి చూపించాను. కబడ్డీలో పాయింటు ఇచ్చేటప్పుడు రిఫరీ ఎత్తినట్టు. మేడానికి అది అర్థం కాలేదు.

"ఏమంటున్నారు?"

మా ఆయన నవ్వాడు. అన్ని రోజుల్లో ఆయన నవ్వడం అదే చూశాను. "సరేనంటందండీ. పాయింటు మీకే ఇచ్చింది."

రెండో ఆపరేషనుకు నేనే ఒప్పుకున్నాను. ఈ జబ్బు మొత్తంలో నా అంతట నేను చేసిన మొదటి పని అది. ఇప్పటికీ తలుచుకుంటే ఛాతీ పొంగుతుంది.

డిసెంబరు

చీము పోయాక మందుల వంతు వచ్చింది. ఇలాంటి జబ్బుకు మాత్రలతో అయిపోదట. వారాల తరబడి, పూటపూటకూ రక్తనాళంలోకే యాంటీబయోటిక్ ఎక్కించాలి. చేతుల్లో నరాలు గట్టిపడిపోయాయి. ఒకచోట పెట్టిన సూది మర్నాటికి వాచేది. పొద్దుటి డ్యూటీ నర్సు ఒకమ్మాయి వచ్చిన ప్రతిసారీ, "ఏ చేతికి పెట్టమంటారు మేడం?" అని అడిగి, నేను చూపించేదాకా ఆగేది. పనిలేకనా? వార్డంతా తనమీదే ఉండేది. అయినా ఆగేది. నా ఒంటికి ఏం జరగాలో నన్నడిగే ఆ ఒక్క ప్రశ్న కోసం నేను పొద్దున్నే ఎదురుచూసేదాన్ని.

ఈలోగా బెంచీ మీద ఖాళీ తగ్గిపోయింది. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, నేను చూసేసరికి అమ్మా, అత్తా ఒకరినొకరు "వదినా" అనుకుంటున్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేదు. కింద క్యాంటీనుకు అత్త వెళ్ళేది. అత్తకు బోర్డులు చదవడం రాదు. స్కానింగ్ గదికి అమ్మ తీసుకెళ్ళేది. ప్రార్థనల దగ్గర మాత్రం ఎవరి పట్టుదల వాళ్ళదే. ఆదివారం అమ్మ కళ్ళు మూసుకుంటే అత్త టీవీ గొంతు తగ్గించేది. శుక్రవారం అత్త కుంకుమ తెస్తే అమ్మ కిటికీలోంచి బయటికి చూసేది. ఇద్దరి మధ్యా అంతకుమించిన రాజీ ఎవరూ అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు.

స్పీచ్ థెరపీకి ఒక అమ్మాయి వచ్చేది. బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పమనేది. అరటిపండు చూపిస్తే "ఇది... ఇది... పసుపు" దాకా వచ్చి ఆగిపోయేదాన్ని. విసుగొచ్చి ఒకరోజు కార్డులన్నీ ఎడమచేత్తో నేలమీదకు తోసేశాను. ఆ అమ్మాయి నొచ్చుకోకుండా ఏరుకుని, "ఇవాళ వీటిని వదిలేద్దామండీ" అన్నది. "ఆలోచించకుండా నోటికొచ్చేవి కొన్ని ఉంటాయి. చిన్నప్పటినుంచి కంఠతా వచ్చినవి. మెదడులో అవి వేరే దారిన వస్తాయి. వారాల పేర్లు, పాటలు, ప్రార్థనలు. ఏదైనా మొదలుపెట్టండమ్మా" అని మా అమ్మతో అన్నది.

అమ్మ రోజూ రాత్రి చెప్పుకునే ప్రార్థన మొదలుపెట్టింది. రెండో మాటకల్లా నా గొంతు కలిసింది. మూడో మాట, నాలుగో మాట. ఒకటి తర్వాత ఒకటి, తడబాటు లేకుండా, చివరి ఆమెన్ దాకా. ఒక్క పేరు పలకలేని నోటినుంచి అంత ప్రార్థన! అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూలన కూర్చున్న మా అత్త ఉండబట్టలేకపోయింది.

"అయితే దాని కూత రాదా మరి? రోజూ గ్రౌండులో అది అరిచేది అదేగా!"

స్పీచ్ థెరపీ అమ్మాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మంచం మీంచి కాళ్ళు కిందకు దించాను. మా ఆయన వచ్చి కుడిభుజం కింద చెయ్యి వేసి నిలబెట్టాడు. ఊపిరి నిండా పీల్చుకున్నాను.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

వచ్చేసింది. నీళ్ళను గోడ అన్న నోట్లోంచి కూత నీళ్ళలా వచ్చేసింది. మొదట గాలి కలిసిన గొంతు, తర్వాత నా గొంతు. ఒక అడుగు ముందుకు వేశాను. కుడికాలు ఈడ్చుకుంటూ ఇంకో అడుగు. గుమ్మం దాటి వరండాలోకి వచ్చేశాను, మా ఆయన నా పక్కనే, సెలైన్ స్టాండు తోసుకుంటూ మా అత్త వెనకాలే. పక్క వార్డుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో ముసలాయన చప్పట్లు కొట్టాడు. ఊపిరి ఆగేదాకా ఆపలేదు. ఆగాక గోడకు ఆనుకుని ఒగురుస్తూ, నవ్వుతూ నిలబడ్డాను. స్పీచ్ థెరపీ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "రేపటినుంచి ఇదే మన కార్డు మేడం" అన్నది.

ఆ వారమే భవాని, జట్టు పిల్లలు వచ్చారు. పోటీలు అయిపోయాయి. నేను లేకుండానే వెళ్ళి, ఫైనలుదాకా ఆడి, ఓడిపోయారట. తలలు దించుకుని చెప్పారు. ఏం చెప్పాలో నాకు తెలుసు, మాటలు రావడం లేదు. చివరికి ఒక్కటి దొరికింది. "ఫైనల్!" అన్నాను. మళ్ళీ ఇంకా గట్టిగా "ఫైనల్!" అన్నాను. వాళ్ళకు అర్థమైంది. పిల్లలు తలలెత్తారు.

జనవరి తర్వాత

ఇంటికి వచ్చాక జబ్బు అయిపోయిందనుకుంటారు చూసేవాళ్ళు. అసలు పని అప్పుడే మొదలైంది. కుడిచేత్తో అన్నం కలపడం, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, చాక్‌పీసు పట్టుకోవడం. అన్నీ మొదటినుంచి. పిండి ముద్ద పిసికిస్తూ అత్త నాతోనే కూర్చునేది. ఫిట్స్ మాత్రలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. స్కూటీ నడపొద్దన్నారు. ఆటోలో వెళ్తాను, సిగ్గుపడను. అలసిపోతే మాటలు ఇప్పటికీ తారుమారవుతాయి. కుడి అనబోయి ఎడమ అంటాను, ఉప్పు అనబోయి చక్కెర అంటాను. మా ఇంట్లో కాఫీ ఒకటి రెండుసార్లు ఘోరంగా తయారైంది.

స్నేహ పేరు కూతలాగా ఒక్కసారిగా రాలేదు. దాన్ని ముక్కలుగా కూడబలుక్కోవాల్సి వచ్చింది. రోజూ బడినుంచి వచ్చి నా ముందు కూర్చుని పెదాలు చూపించేది. "స్... అను అమ్మా. ఇప్పుడు నే..." ఒక మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అది అరుగు మీంచి దూకబోతుంటే, "స్నేహా, పడతావే!" అని అరిచాను. అది దూకడం ఆపి నావైపు చూసింది. నేను దానివైపు చూశాను. తర్వాత కావాలని నాలుగుసార్లు మళ్ళీ మళ్ళీ దూకింది, అలా అరిపించుకోవడానికి.

మా ఆయన మనసులో మా అమ్మ అన్న మాట చాలాకాలం ఉండిపోయింది. ఆఖరిసారి స్కానుకు బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మేడాన్ని అడిగేశాడు. "నేను రెండు రోజులు ముందు తీసుకొచ్చి ఉంటే మేడం?"

"జలుబు చేసిన ప్రతివాళ్ళనీ నా దగ్గరికి తెస్తే నేను ఎవరికీ వైద్యం చెయ్యలేనండీ" అన్నారావిడ. "ఫిట్స్ వచ్చిన రోజే తెచ్చారు. ఇవాళ ఆవిడ నడుచుకుంటూ వచ్చారు. ఇక దాన్ని మొయ్యకండి."

ఆ మాట అమ్మ కూడా విన్నది. ఇంటికి వచ్చేదారిలో ఉయ్యూరులో వ్యాను ఆపించి, అల్లుడి చేతికి చెరుకురసం గ్లాసు తనే అందించింది. మా అమ్మ అంతకంటే క్షమాపణ చెప్పే మనిషి కాదు. మా ఆయనకు అది చాలింది.

చదివేవాళ్ళకు ఒక్క మాట. జలుబు అందరికీ వస్తుంది, పోతుంది. భయపడకండి. కానీ తగ్గాల్సిన తలనొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే, వంగితే ఎక్కువవుతుంటే, కనుబొమ దగ్గర వాపు వస్తే, జ్వరంతో వాంతులైతే డాక్టరుకు చూపించండి. మనిషి మాట తడబడితే, మత్తుగా ఉంటే, చెయ్యిగానీ కాలుగానీ పట్టు తప్పితే ఇక ఆవిరి పట్టే టైము అయిపోయిందన్నమాట. పెద్దాసుపత్రికి వెళ్ళండి. లోపలున్న మనిషి మాట్లాడకపోయినా వింటూ ఉంటాడని గుర్తుంచుకోండి. అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

జూన్

స్కూలు తెరిచే రోజు హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు. మంచి మనిషి. చాలా జాగ్రత్తగా మొదలుపెట్టారు.

"ఈ ఏడాదికి లైబ్రరీ చూసుకోండమ్మా. నీడపట్టున ఉంటారు. గ్రౌండు సంగతి ఎవరికైనా అప్పజెబుదాం."

"గ్రౌండే చూసుకుంటానండీ."

"అరవాలి కదమ్మా, ఎండలో. మళ్ళీ ఏమైనా..."

"అరుస్తానండీ."

ఆయన "సరే. ముందు అసెంబ్లీ చేయించండి, చూద్దాం" అన్నారు.

మర్నాడు పొద్దున స్టేజీ ఎక్కాను. జుట్టు ఇంకా మెడదాకానే ఉంది, మచ్చ దాచేంత లేదు. ఎదురుగా స్కూలు మొత్తం. ముందు వరసలో పదో తరగతి, అందులో భవాని. ఎవరూ గుసగుసలాడటం లేదు.

"స్కూల్... అటెన్షన్!"

వందల కాళ్ళు ఒక్కసారి నేలను తన్నాయి. ఆ చప్పుడు నా ఎముకల్లోకి పాకింది. స్టాండ్ ఎటీజ్ సరిగ్గా వచ్చింది. ప్రతిజ్ఞ అయింది, వార్తలు అయ్యాయి, హెడ్మాస్టరు గారు మాట్లాడటం అయింది. ఇక క్లాసులకు పంపడమే. తరగతి గదులు పిల్లలకు ఎడమవైపు ఉంటాయి. లెఫ్ట్ టర్న్ చెప్పాలి. మనసులో గట్టిగా అనుకుని, గొంతెత్తి అరిచాను.

"రైట్... టర్న్!"

స్కూలంతా కుడివైపు తిరిగింది. క్లాసులకు వీపులు పెట్టి, ప్రహరీగోడకు ఎదురుగా, బాణాల్లా నిలబడింది. గదులు అటువైపు లేవని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. ఒక్కరూ తల తిప్పలేదు, ఒక్కరూ నవ్వలేదు. మేడం చెప్పారు, తిరిగారు. హెడ్మాస్టరు గారు మాత్రం కళ్ళజోడు సవరించుకుంటూ నావైపు చూస్తున్నారు.

మాట మళ్ళీ తారుమారైందని అర్థమైంది. తర్వాత నవ్వొచ్చింది. గోడవంక చూస్తూ నా తర్వాతి మాటకోసం ఎదురుచూస్తున్న పిల్లలందరినీ చూసి, స్టేజీ మీదే పైకి నవ్వేశాను. నవ్వు ఆపుకుని, ఊపిరి నిండా పీల్చుకున్నాను.

"ఎబౌట్... టర్న్!"

దుమ్ము లేచింది. స్కూలు మొత్తం గిర్రున తిరిగి తరగతి గదులకు ఎదురుగా నిలబడింది.

"ఫార్వర్డ్ మార్చ్" అన్నాను.